ఫోన్లో పరుగెత్తుతున్న మనిషి

పోయిన నెల మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు కోసం కూర్చుని ఉన్నాను. పక్కన కాలేజీ అమ్మాయి ఒకతె ఫోన్ చూసుకుంటోంది. బొటనవేలితో ఒక్కో వీడియోనూ పైకి తోసేస్తోంది. ఎవరో వంకాయ కూర చేస్తున్నారు, ఎవరో చీర మడతలు పెడుతున్నారు, ఒక కుక్కపిల్ల మెట్లు దిగలేక కూర్చుంది. వాటి మధ్యలో మా ఆటల మేడం వచ్చింది. నీలం ట్రాక్ ప్యాంటు, తెల్ల కుర్తా, వీపు మీద ఎగిరెగిరి పడే జడ. మా స్కూలు మైదానంలో పరుగెత్తుతోంది. వెనక నుంచి తీసిన వీడియో అది. ఆమె అడుగు పడినప్పుడల్లా లారీ హారన్ మోగుతుంది. అమ్మాయి ముక్కుతో చిన్నగా నవ్వి పైకి తోసేసింది. ఆ తర్వాత ఎవరో టమోటా ధర గురించి మాట్లాడారు.

మేడం చనిపోయి ఏడాది దాటింది. ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పాలని నాకు అనిపించలేదు. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. బస్సు వస్తే ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది.

పుంగనూరులో మా స్కూలుకు ఆమె నాకన్నా ముందే వచ్చింది. నేను తెలుగు చెబుతాను, ఆమె ఆటలు నేర్పేది. ఉద్యోగంలో చేరిన రోజు నేను స్టాఫ్ రూములో అడుగు పెట్టేసరికి ఇనుప బీరువాను ఒక్కతే పక్కకు జరుపుతూ కనిపించింది. తోయడం లేదు. ఒక మూల ఎత్తి తిప్పి దించుతుంది, మళ్లీ ఇంకో మూల ఎత్తుతుంది. బీరువాను నడిపించుకుంటూ పోతున్నట్లుగా ఉంది. నన్ను చూసి ఆగింది.

“కొత్తగా వచ్చినావా? ఏం సబ్జెక్టు?”

“తెలుగండీ.”

“అయితే తెలుగమ్మవి. ఈ మూల పట్టుకో తెలుగమ్మా. బరువేమీ లేదు, ఊరికే పట్టుకో. నీగ్గూడా పని చేసినట్లుంటాది.”

ఆ రోజు నుంచి నేను తెలుగమ్మనే. లెక్కల మాస్టారు లెక్కలప్ప. సైన్సు టీచరు సైన్సమ్మ. హెడ్మాస్టరు ఎదురుగా ఉంటే సార్, లేకపోతే పెద్దప్ప. పిల్లల్ని మాత్రం పేర్లతోనే పిలిచేది. వందలమంది ఆడపిల్లల పేర్లు, వాళ్ల ఊళ్లు, ఎవరి ఇంట్లో ఆవు ఈనిందో కూడా తెలుసు. వరండాలో ఎదురైన పిల్ల జబ్బ పట్టుకుని ఒకసారి నొక్కి చూసేది. అదే ఆమె పలకరింపు. గట్టిగా ఉంటే “శభాష్” అని వదిలేసేది. మెత్తగా ఉంటే “పొద్దున ఏం తింటివే?” అని అడిగేది. ఏమీ తినలేదని చెప్పిన పిల్లను చేయి పట్టుకుని స్టాఫ్ రూముకు తెచ్చి, తన డబ్బాలోది తినిపించేది.

ఆ డబ్బా గురించి చెప్పాలి. మూడు గిన్నెల క్యారియరు. కింది గిన్నెలో రాగి సంగటి, మధ్య దాంట్లో పప్పో పులుసో, పైదాంట్లో చెనిగ్గింజల ఊరిబిండి, అంటే పల్లీల పచ్చడి. కుర్చీలో కూర్చుని తినేది కాదు. నేల మీద బాసింపట్టు వేసుకుని, సంగటి ముద్దను చేత్తో నాలుగు భాగాలు చేసి, మాట్లాడకుండా తినేది. తింటున్నప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే ఎడమచేయి ఎత్తి ఆగమనేది. తిన్నాక గిన్నె కడిగి, తొడ మీద చేత్తో ఒక్క చరుపు చరిచి లేచేది. కబడ్డీ కోర్టులో దిగే ముందు చరిచే చరుపు అది. ఆ చప్పుడు వింటే మధ్యాహ్నం బెల్లు కొట్టే టైమయిందని మాకు తెలిసేది.

అద్దం చూసుకోగా నేను చూడలేదు. బస్సు దిగి స్కూలుకు నడుస్తూనే జడ వేసుకునేది. నుదుటి మీద బొట్టు ఒక్కోరోజు కాస్త పక్కకు ఉండేది, ఎవరైనా చెబితే వేలితో మధ్యకు జరిపేది. ఫోన్లో మాట్లాడితే ఎప్పుడూ స్పీకరులోనే. చెవి దగ్గర పెట్టుకుంటే చేయి కట్టేసినట్లు ఉంటుందనేది. అందువల్ల ఆమె ఇంటి సంగతులన్నీ మాకు తెలుసు. భర్త పాల డెయిరీ వ్యాను నడుపుతాడు. ఒక్కతే కూతురు, మదనపల్లెలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది.

ఆమె సొంతూరు తంబళ్లపల్లె పక్క పల్లె. గొర్రెలు మేపే ఇల్లు. చిన్నప్పుడు గుట్టల మీద గొర్రెల వెంట తిరిగేదట. కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలను మెడ మీద వేసుకుని ఇంటికి తెచ్చేదట. కబడ్డీ ఎక్కడ నేర్చుకున్నావని ఒకసారి అడిగాను.

“నేర్సుకునేదేముంది తెలుగమ్మా? గొర్రెను పట్టాలంటే యాడ పడతాం? వెనకకాలు పడతాం. కూతకొచ్చిన పిల్లనూ అట్లనే పట్టితిని. ఉద్యోగం వచ్చె.”

కాలేజీ రోజుల్లో ఆమె జట్టు జిల్లాలన్నీ తిరిగింది. ఈమె పట్టేది. కూతకు వెళ్లే అమ్మాయి వేరే ఉండేది, కుప్పం అమ్మాయి. మెరుపులా పోయి తాకి వచ్చేదట. ఆ స్నేహితురాలి గురించి చెప్పేటప్పుడు మేడం గొంతు మారేది. “అది గాలి. నేను గోడ” అనేది.

ఎనిమిదో తరగతిలో ఒక లావుపాటి పిల్ల ఉండేది. ఆటల పీరియడు వస్తే బాత్రూములో దాక్కునేది. ఒకరోజు ఎవరో ఏదో అన్నారని వెక్కి వెక్కి ఏడుస్తుంటే మేడం దగ్గరికి వెళ్లి పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. ఆ పిల్ల జబ్బ నొక్కి చూసి, “నిన్నే గదే నేను వెతకతాండేది” అంది. మైదానంలోకి తీసుకుపోయి తాడు లాగే ఆటలో తాడు కొసను ఆ పిల్ల నడుముకు చుట్టింది. అవతలి వైపు పదో తరగతి వాళ్లను నిలబెట్టింది. తాడు కదల్లేదు. పదో తరగతి పిల్లలు జారి జారి పడ్డారు. “ఒళ్లుండేది వాడుకునేదానికే. సూపించుకునేదానికి కాదు” అని అందరికీ వినపడేలా అరిచింది. ఆ పిల్ల ఆ ఏడాదంతా బాత్రూములో దాక్కోలేదు.

ఇదీ మనిషి. ఆమెను గురించి ఇంతవరకు చెప్పి ఆపేయగలిగితే బాగుండేది.

స్కూలు ఆటల దినం నాడు టీచర్లకు కూడా పరుగు పందెం పెట్టారు. మేమంతా చీరల్లో నవ్వుకుంటూ నాలుగడుగులు వేసి ఆగిపోయాం. ఆమె మాత్రం నిజంగా పరుగెత్తింది. పిల్లలు కేకలు పెట్టారు. ప్రహరీగోడ మీద కూర్చున్న జనంలో ఎవరో ఆ పరుగును వీడియో తీశారు. ఎవరన్నది చివరిదాకా తెలియలేదు. దాన్ని నిదానంగా నడిచేట్టు చేసి, లారీ హారన్ చేర్చి, కింద “భూకంపం వచ్చింది, జాగ్రత్త” అని రాసి వదిలారు. ముందు మా ఊరంతా చూసింది. ఆ తర్వాత మాకు తెలియని ఊళ్లన్నీ చూశాయి.

ఆమె మొదట నవ్వింది. స్టాఫ్ రూములో మధ్యలో నిలబడి, కింద జనం రాసినవన్నీ పైకి చదివింది.

“‘రోడ్డు రోలరుకు జడ వేసినారు’ అంట. బాగుండాది గదా! ఇది సూడు లెక్కలప్పా, ‘ఈమె తినే బియ్యం ఏ షాపులో?’ అంట. నేను బియ్యమే తినను, రాగులు తింటా. ఆ మాట రాయాలంటే ఎట్ల రాసేది?”

లెక్కల మాస్టారు నవ్వలేదు. మేమూ నవ్వలేదు. ఆమె ఇంకా చదువుతూనే ఉంది, ఒకటి, ఇంకొకటి. మధ్యలో ఒకదాని దగ్గర పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని మైదానంలోకి వెళ్లిపోయింది.

అదే వారంలో కూతురు ఫోన్ చేసింది. భోజనాల వేళ. ఎప్పటిలాగే స్పీకరు.

“మా, శనివారం పేరెంట్స్ మీటింగుకు నువ్వు రావొద్దు. నాయన్ను పంపించు.”

“మీ నాయనకు డ్యూటీ ఉండాది గదమ్మే. నేనే వస్తాలే.”

ఆ అమ్మాయి చిన్న గొంతుతో అంది: “ఆ వీడియో మా క్లాసులో అందరి ఫోన్లలో ఉండాదిమా. నువ్వు మా అమ్మవని నేను ఎవురికీ చెప్పలా.”

మేడం ఎడమచేత్తో స్పీకరు ఆపేసి, ఫోన్‌ను చెవికి ఆనించుకుంది. ఆమె అలా మాట్లాడటం నేను మొదటిసారి చూశాను.

“సరే. నాయన్నే పంపిస్తాలే. అన్నం తింటివా?” అంది. అటువైపు మాట విని, “సరే” అని పెట్టేసింది. ముందున్న సంగటి ముద్ద అలాగే ఉంది. గిన్నెకు మూత పెట్టింది.

ఆ తర్వాత మార్పు వచ్చింది. ఒక్కసారిగా రాలేదు కాబట్టి ఏ రోజు మొదలైందో చెప్పలేను. ట్రాక్ ప్యాంటు పోయి వదులు చుడీదారు వచ్చింది. దాని మీద ఎండాకాలంలో కూడా చేతులు మూసేలా శాలువా వచ్చింది. స్టాఫ్ రూము కిటికీ అద్దం ముందు నుంచి వెళ్లేటప్పుడు అడుగు నెమ్మదించేది. క్యారియరులో ఒక గిన్నె తగ్గింది. మరి కొంతకాలానికి ఇంకోటి తగ్గింది. చివరికి ఒక చిన్న డబ్బాలో దోసకాయ ముక్కలు తెచ్చుకుని, కుర్చీలో కూర్చుని, ఫోన్ చూస్తూ తినేది.

ఫోన్లో ఆమె చూసేది ఒక్కరినే. కుప్పం స్నేహితురాలిని. ఆమె రోజుకో వీడియో పెట్టేది. పల్చటి నడుము, నునుపైన ముఖం, వెనక ఒక పచ్చటి మొక్క. చేతులు అటూ ఇటూ తిప్పుతూ, నలభై దాటినా పిల్లలా ఉండటం ఎలాగో చెప్పేది.

“ఈమెకు నా వయసే తెలుగమ్మా. ఒకే పళ్లెంలో తింటిమి. సూడు, ఎట్లుండాదో. నేను ఎట్లుండానో.”

“నువ్వు బాగుండావు అక్కా,” అన్నాను.

“నా చేతులు సూసి చెప్పు.”

“చేతులకేమి?”

“మొగోళ్ల చేతుల మాదిరి లేవా?”

ఆ చేతులతోనే బీరువాను నడిపించింది. ఆ మాటే చెప్పాను. ఆమె శాలువా లాక్కుని, “అదే చెప్తాండా నేనూ” అంది.

గ్రూప్ ఫోటో తీసేటప్పుడు వెనక వరుసలోకి వెళ్లి, ముందున్న వాళ్ల భుజం చాటున నిలబడేది. మైదానంలో పరుగెత్తడం మానేసింది. చెట్టుకింద కుర్చీ వేసుకుని విజిల్ ఊదేది. అంతకుముందు ఆ విజిల్ మెడలో ఊరికే వేలాడేది, ఆమె గొంతే సరిపోయేది. పిల్లల జబ్బలు నొక్కి చూడటం కూడా మానేసింది. ఒకరోజు వరండాలో తాడు కొస పట్టిన ఆ లావుపాటి పిల్ల ఎదురైంది. ఎప్పటిలా చేయి ముందుకు చాపింది, మేడం నొక్కి చూస్తుందని. మేడం ఆ చేతిని చూసి, “సంగటి తగ్గించమ్మే. ఇప్పుడే తగ్గించుకుంటే మంచిది, పెద్దయినాక రాదు” అంది. ప్రేమగానే అంది. పిల్ల చేయి వెనక్కి తీసుకుంది. తర్వాతి ఆటల పీరియడులో ఆ పిల్ల కనిపించలేదు.

ఫోన్లోనే ఒక పొడి తెప్పించుకుంది. మూలికలట. పొద్దున వేడినీళ్లలో ఒకసారి, సాయంత్రం ఒకసారి. దాని మీద ఎవరి అడ్రసూ సరిగ్గా లేదు. అది మానేయమని నేనూ సైన్సు టీచరూ పదేపదే చెప్పాం. మా ఎదుట తాగడం మానేసింది. భర్త కూడా చెప్పి చూశాడట. “నీకేమి తక్కువ, నాకేమీ తేడా కనిపించడం లేదే” అన్నాడట. అది తనకు మరీ కోపం తెప్పించిందని చెప్పింది. “నీకు కనిపించకుంటే చాలునా? లోకమంతా సూస్తాండాదే” అని అడిగిందట ఆయన్ని.

ఒక ఆదివారం కుప్పం పోదాం రమ్మంది. “ఫోన్లో చెప్పేదంతా పైపైన చెప్తాది. నేరుగా కూర్చోబెట్టి అడగతా, ఏం తింటాందో, ఏం చేస్తాందో. నాకు దాసిపెట్టదు.” నేను వెంట వెళ్లాను. పలమనేరులో బస్సు మారాం. దారి పొడుగునా ఆమె ఉత్సాహంగా ఉంది. చాలా రోజుల తర్వాత పాత జట్టు కబుర్లు చెప్పింది. ఒక ఊళ్లో పందెం గెలిచి లారీ ఎక్కి వస్తూ అందరూ పాటలు పాడిన సంగతి చెప్పి, తనకు తనే నవ్వుకుంది.

స్నేహితురాలి ఇల్లు కుప్పం స్టేషనుకు దగ్గరలో ఒక చిన్న సందులో ఉంది. తలుపు తెరిచిన ఆమెను చూసి నేను ఎవరో పెద్దావిడ అనుకున్నాను. మోకాలికి పట్టీ ఉంది. గోడ పట్టుకుని నిలబడింది. సన్నగానే ఉంది, కానీ అది కూతకు వెళ్లే మనిషి సన్నతనం కాదు. బుగ్గలు లోపలికి పోయాయి. జుట్టు పల్చబడింది. మేడం గుమ్మంలోనే ఆగిపోయింది.

“యాల అట్ల సూస్తాండావు? నేనే. లోపలికి రా,” అంది స్నేహితురాలు.

హాల్లో ఒక మూల చాప, ఆ పచ్చటి మొక్క, గుండ్రటి లైటు ఉన్నాయి. ఆ మూల తప్ప గదంతా విడిచిన బట్టలు, మందుల డబ్బాలు. మోకాలు ఆపరేషన్ అయ్యి రెండేళ్లు దాటిందట. మెట్లు ఎక్కలేదు, కింద కూర్చోలేదు.

“మరి రోజూ వీడియోల్లో?” అని అడిగింది మేడం.

“పాతవి కొన్ని. మిగతావి కుర్చీలో కూర్చునే తీస్తా. నడుము కనిపించేదంతా దీని పని.” ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. వేలితో నడుము దగ్గర లోపలికి నెట్టింది. నడుము సన్నబడింది. ముఖం మీద వేలు పెట్టింది. ముడతలు పోయాయి. “ఇంతే. సెంటర్లో షాపు వాళ్లు చీరలిస్తారు, కట్టుకుని సూపించమని. ఇది ఆపితే ఇంగ ఎవురూ నన్ను తలుసుకోరు.”

స్నేహితురాలు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కష్టంగా కూర్చుంది.

“నీ వీడియో వచ్చింది సూడు, పరిగెత్తేది. దాన్ని నేను ఎన్నిసార్లు సూస్తినో లెక్కలేదు. మొదటిసారి సూసి ఏడిస్తిని. ఇదింగా పరిగెత్తతాండాదే, నేలంతా అదిరేట్టు పరిగెత్తతాండాదే, నేను బాత్రూముకు పోవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తాందే అని. హారన్ మోగతాంటే మోగనీ, సౌండు తీసేసి సూస్తిని.” తన చేయి ముందుకు చాపింది. “ఏదీ, పట్టు. ఆ పట్టు ఇంగా ఉండాదా సూస్తాం.”

మేడం ఆ మణికట్టు పట్టుకుంది. స్నేహితురాలు విడిపించుకోవడానికి లాగింది, మెలిపెట్టింది. విడిపించుకోలేకపోయింది. ఇద్దరూ నవ్వారు. స్నేహితురాలి కళ్లలో నీళ్లు వచ్చాయి. మేడం కళ్లలోనూ వచ్చాయి అనుకుంటాను. ఇక అంతా తేలిపోయిందని నేను నమ్మాను. మనసులో ఒక బరువు దిగినట్లయింది.

ఆవిడ అన్నం వడ్డించింది. మునక్కాయ సాంబారు. మేడం పొట్ట బాగాలేదని చెప్పి మజ్జిగ మాత్రం తాగింది.

తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. వి.కోట దాటాక ఫోన్ తీసింది. స్నేహితురాలి వీడియోలు పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి చూడటం మొదలుపెట్టింది.

“అక్కా, ఇప్పుడే గదా సూస్తిమి. అంతా ఆ ఫోన్ పనే అని ఆమే చెప్పె గదా.”

“చెప్పె.”

“మరి?”

“తెలిసినాక గూడా సూడు,” అని ఫోన్ నా వైపు తిప్పింది. “ఎంత బాగుండాదో.”

నేను చూశాను.

పొడి మానలేదు. చర్మం వదులై, కళ్లకింద నల్లబడింది. ఎదురైన వాళ్లంతా “బాగా తగ్గినారే మేడం!” అనేవాళ్లు. ఆ మాటకు ఆమె ముఖం వెలిగేది. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. చివరికి ఆరో తరగతి పిల్ల ఒకతె ప్రార్థన వరుసలో నిలబడి, “మేడం కండ్లు పసుపుగా ఉండాయి టీచర్” అంది నాతో. అందరం చూశాం. నిజమే.

మదనపల్లె ఆసుపత్రిలో చేర్చారు. కాలేయం బాగా దెబ్బతిందన్నారు. ఏమేం తీసుకుందో అడిగి, ఆ పొడి డబ్బా తెప్పించుకుని చూశారు. దానివల్ల కావచ్చన్నారు. తప్పకుండా దానివల్లే అని కూడా చెప్పలేమన్నారు. నేను చూడటానికి వెళ్లిన రోజు కూతురు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. కాలేజీ యూనిఫాంలోనే ఉంది. తల్లి చేయి రెండు చేతులతో పట్టుకుని ఉంది. నర్సు వచ్చి మేడాన్ని లేపి బరువు చూసే మిషను మీద నిలబెట్టింది. పక్క నుంచి ఇద్దరం పట్టుకున్నాం. నర్సు అంకె చూసి కాగితంలో రాసుకుంది.

మేడం మళ్లీ పడుకున్నాక నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. నీళ్లు కావాలేమో అనుకుని వంగాను.

“ఎంత తగ్గినానంట?” అని అడిగింది.

చెప్పాను. కళ్లు మూసుకుని చిన్నగా నవ్వింది.

అక్కడి నుంచి వేలూరు తీసుకుపోయారు. అక్కడ ఎక్కువ రోజులు ఉండలేదు.

తంబళ్లపల్లె పక్కనున్న ఆమె పల్లెలోనే మట్టి చేశారు. మేమంతా స్కూలు నుంచి బస్సులో వెళ్లాం. ఎండ కాస్తోంది. ఇంటి ముందు జనం ఒకరితో ఒకరు “ఎంత బక్కగా అయిపోయిందో సూడు” అనుకుంటున్నారు. పాడె లేపిన వాళ్లకు బరువు తెలియలేదని ఎవరో అన్నారు. లెక్కల మాస్టారు వేపచెట్టు వైపు తిరిగి నిలబడ్డారు. స్నేహితురాలు కుప్పం నుంచి కారులో వచ్చింది. దిగలేక కారులోనే కూర్చుంది. నేను చుట్టూ చూస్తూ ఉన్నాను. అందరూ ఏడుస్తున్నారు కాబట్టి నేనూ ఏడుస్తాననుకున్నాను. రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నిద్రపోయాను.

దినాల నాడు మళ్లీ వెళ్లాను. వీధి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. చుట్టూ పూల బొమ్మలు, పైన రెండు పావురాలు, మధ్యలో ఫోటో. కోలముఖం, తెల్లటి తెలుపు. నునుపైన బుగ్గలు, సన్నటి మెడ, ఇరుకైన భుజాల మీద పట్టుచీర. కింద మేడం పేరు ఉంది. పేరు చూశాకే ఆమె అని నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఆ ముఖంలో ఆమె ఎక్కడుందో వెతికాను. బొట్టు సరిగ్గా మధ్యలో ఉంది.

కూతురు నన్ను చూసి వచ్చి పక్కన నిలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

“నేనే చేయిస్తిని టీచర్,” అంది. “మదనపల్లెలో షాపాయన దగ్గర కూర్చుని, ఇట్ల సన్నగా చెయ్యన్నా, ఇంకొంచెం, ఇంకొంచెం అని చెప్పి చేయిస్తిని. అమ్మకు ఇట్లుండాలనే గదా ఆశ. బాగుండాదా?”

“బాగుండాదమ్మా,” అన్నాను.

అప్పుడే మేడం తల్లి ఇంట్లోంచి బయటికి వచ్చింది. అన్ని రోజులూ ఆమె లోపలే పడుకుని ఉందట. గొర్రెలు మేపి ఎండలో నల్లబడిన మనిషి. కళ్లు బాగానే కనిపిస్తాయి. దూరంగా మేసే మందలో ఏ గొర్రె కుంటుతోందో అరుగు మీద కూర్చునే చెప్పగలదు. నెమ్మదిగా నడిచి వచ్చి ఫ్లెక్సీ ముందు నిలబడింది. తల ఎత్తి, చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు చూసింది.

“ఈ పాప ఎవురమ్మా?” అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోగా తనే మళ్లీ, “ఈమె గూడా పోయిందా?” అంది.

మనవరాలు నా పక్కనే ఉంది. తల వంచుకుంది.

“అవునమ్మా,” అన్నాను.

“పాపం, చిన్న వయసే,” అని ముసలావిడ కొంగు సర్దుకుని గొర్రెల దొడ్డి వైపు వెళ్లిపోయింది.